పెద్దమ్మ పలకని రోజులు

ఈ ఉదయం గోదావరిఖని మార్కెట్లో పాత పొరుగింటావిడ కనిపించింది. వాళ్ల అత్తగారు అన్నం ముట్టడం లేదట, పొద్దంతా గోడవైపు తిరిగి పడుకుంటోందట. "ముసలితనంల గట్లనే ఉంటది తియ్యక్కా," అని తనే సర్దిచెప్పుకుంది. మా పెద్దమ్మ విషయంలోనూ అందరూ ఇదే మాట అన్నారు. వంకాయలు బుట్టలో పడేసి, ఆమెను పక్కకు పిలిచి ఆ సంగతంతా చెప్పాను.

పెద్దమ్మ గొంతు బొగ్గుగని కంపెనీ క్వార్టర్లలో ఆ వరసంతటికీ తెలుసు. బొగ్గుబాయిలో రాత్రి షిఫ్టు చేసి వచ్చి ఆమె భర్త, మా పెద్దబాపు, పగలు పడుకునేవాడు. ఆయన నిద్ర చెడకూడదని ఆమె చేపలమ్మేవాళ్లనూ, పిల్లలనూ, చివరికి కాకులనూ కేకలేసి తరిమేది. ఆ కేకలకే ఆయన లేచి కూర్చునేవాడు. "నీ కాపలా సల్లగుండ," అని నవ్వేవాడు.

ఆయన రిటైరై సొంతింటికి మారాక కొన్నాళ్లకు ఆమె మాట తగ్గింది. మొదట కడుపులో మంట అంది, తర్వాత తల బరువంది. ఎన్ని దవాఖానలు తిప్పినా ఏమీ లేదనే చెప్పారు. అలా అన్నకొద్దీ ఆమె ఇంకా ముడుచుకుపోయింది. స్నానం మానేసింది. పెద్దబాపు వంట నేర్చుకున్నాడు. బొగ్గు తవ్విన చేతులతో ఆమె తల దువ్వి జడ వేస్తే అది పగ్గం పేనినట్టు వచ్చేది. వెనకటి పెద్దమ్మ అయితే దాన్ని వాడంతా తిరిగి చూపించేది. ఇప్పుడు అద్దంవైపైనా చూడలేదు.

ఒక మధ్యాహ్నం నేను వెళ్లేసరికి ఆయన గడపమీద కూర్చుని ఉన్నాడు. "పొద్దంత నేనొక్కన్నే మాట్లాడుతున్న బిడ్డా. నేనేం తప్పు చేసిన్నో చెప్పమను," అన్నాడు. లోపలికెళ్లి పెద్దమ్మ చెయ్యి పట్టుకున్నాను. ఆమె నావైపు తిరిగింది. "నాకు బతుకాలని లేదు బిడ్డా. నేను పోతె గీ ముసలాయనకు పీడ పోతది."

కరీంనగర్‌లో మనసు జబ్బుల డాక్టరమ్మ ఉందని చెప్పాను. నలుగురూ ఏమనుకుంటారోనని చుట్టాలు వెనకాడారు. "అనుకుంటె అనుకోనీ. నాకు మనిషి గావాలె," అన్నాడు పెద్దబాపు. ఇది ముసలితనం కాదు, డిప్రెషన్ అనే జబ్బు అని డాక్టరమ్మ చెప్పింది. మందులు మొదలయ్యాయి. వారాలు గడిచినా మార్పు లేదు. గోలీ వేసి ఆమె ముఖంలోకే చూస్తూ కూర్చునే ఆయన్ని చూస్తే నాకు దుఃఖం ఆగేది కాదు. మందు మార్చారు, మళ్లీ ఎదురుచూశాం.

ముసురు పట్టిన ఒక రోజు ఆయన తోటకూర కోస్తున్నాడు. "గట్ల కోస్తె మేకలు తింటయి, మనుషులు తినరు," అని మంచం మీద నుంచి వినిపించింది. ఆయన కత్తిపీట పక్కకు జరిపి తువ్వాలలో ముఖం దాచుకుని ఏడ్చాడు.

పూర్తిగా నయమైందని చెప్పలేను. మరుసటేడు మళ్లీ ముంచుకొచ్చింది, మళ్లీ మందులు పెంచారు. ఇప్పుడు మాట్లాడుతుంది, కాస్త మెల్లగా. ఆ రోజులేవీ ఆమెకు సరిగా గుర్తులేవు. "గన్ని రోజులు నేనేడున్ననయ్యా?" అని ఆయన్ని అడుగుతుంటుంది. ఆమెకు లేకుండాపోయిన ఆ కాలమంతా ఆయన ఒక్కడే ఇద్దరి కోసం గడిపాడు.