శాలువా మీది మరక కుంకుమ కాదు

ఆ రోజు ఉదయం ఉప్మాలో ఉప్పు తక్కువైందని స్టీలు పళ్లెం తీసి నా భార్య మీదకు విసిరాను. ముప్పై నాలుగేళ్ల కాపురంలో సుగుణ మీద నేను చెయ్యెత్తిన రోజు లేదు. పళ్లెం అంచు తగిలి ఆమె కనుబొమ్మ చీలింది. రక్తం కంట్లోకి కారుతుంటే తుడుచుకోకుండా నా వైపే చూస్తూ, "ఏవండీ, ఏంటండీ ఇది?" అంది. నాకు జాలి కలగలేదు. ఇంకోటి విసరాలనిపించి నీళ్ల గ్లాసు అందుకోబోయాను. కుడిచేతి వేళ్లు ముడుచుకోలేదు. గ్లాసు దొర్లి కింద పడింది. అప్పుడు మాత్రం భయం వేసింది.

మాది రేపల్లె. అక్కడి డాక్టరు గారు సుగుణకు నాలుగు కుట్లు వేశారు. గడప తట్టుకుని పడ్డానని ఆమె చెప్పింది. తర్వాత ఆయన నా చెయ్యి పట్టుకుని నొక్కమన్నారు. నొక్కలేకపోయాను.

"తలనొప్పి ఉందా?"

"పొద్దుటి పూట ఉంటోందండి."

"ఈ మధ్య తలకేమైనా దెబ్బ తగిలిందా?"

"లేదండి," అన్నాను.

ఆ ఒక్క అబద్ధాన్ని దాచుకోబోయి చావు దాకా వెళ్లాను. తెనాలి వెళ్లి వెంటనే సీటీ స్కాన్ తీయించమని ఆయన రాసిచ్చారు. నేను ఆ కాగితం చొక్కా జేబులో పెట్టుకుని నాలుగు రోజులు తిరిగాను. స్కాన్‌లో దెబ్బ కనబడితే, ఎవరు కొట్టారు, ఎందుకు కొట్టారు అని అడుగుతారు. నా భయమంతా ఆ రెండో ప్రశ్న గురించే.

కాలేజీలో లాబ్ అసిస్టెంటుగా రిటైరయ్యాక, ఎవరైనా చేరి రాసుకోగల ఒక తెలుగు బ్లాగుల సైటులో ఆరోగ్యం గురించి రాస్తుండేవాణ్ణి. కామెంట్లలో నన్ను డాక్టరు గారూ అని పిలిచేవాళ్లు. కాదండీ అని ఒక్కసారి కూడా దిద్దలేదు, ఆ పిలుపు వినసొంపుగా ఉండేది. మొదటి గంటలో ఎక్కువ కామెంట్లు పడ్డ పోస్టు ముందు పేజీకెక్కుతుంది. అందుకని మేం ఇరవై మందిమి ఒక గ్రూపు పెట్టుకుని, ఒకరి పోస్టు కింద ఒకరం చదవకుండానే "అద్భుతం సార్" అని రాసుకునేవాళ్లం.

నాకు షుగరుంది. ఒకప్పుడు కాలికి ఇన్‌ఫెక్షన్ వస్తే డాక్టరు పదకొండు రోజులు ఇన్సులిన్ ఇచ్చి, షుగరు దారికొచ్చాక ఆయనే ఆపి మాత్రలు మొదలుపెట్టారు. ఆ సంగతి ఉన్నదున్నట్టు రాస్తే పట్టుమని పది మంది చదవలేదు. నాకు ఒళ్లు మండింది. డాక్టరు ఆపిన మాట తీసేశాను. మాత్రల మాట కూడా తీసేశాను. "ఇన్సులిన్ మానేశాను, హాయిగా ఉన్నాను" అని పేరు మార్చి మళ్లీ పెట్టి, షుగరు పేషెంట్ల గ్రూపులకీ, చీరాల వైపు నేత పనివాళ్ల గ్రూపులకీ పంపాను. ఆ ఏడాది సైటులో అన్నిటికంటే ఎక్కువ మంది చదివింది దాన్నే.

అందుకే బాపట్లలో సభ్యులందరూ కలిసిన రోజు నాకు శాలువా కప్పి, బరువైన చెక్క షీల్డు ఇచ్చారు. ఫొటోలు అయిపోయాక నలభై ఏళ్ల ఒకావిడ దగ్గరికొచ్చి నమస్కారం పెట్టింది.

"ఇన్సులిన్ మానేశారంట గదండి?"

"అవునమ్మా."

"మీకు ఎవరు మానిపించారండి?"

చుట్టూ జనం. నా చేతిలో షీల్డు. "ఎవరో ఎందుకమ్మా, నేనే మానేశాను," అని నవ్వాను.

ఆమె షీల్డు లాక్కుని నా తల మీద కొట్టింది. ఎడమ చెవి పైన ఒకటి, అక్కడే మళ్లీ ఒకటి. నేను కుర్చీల మధ్య పడ్డాక మూడోది. "నువ్వు రాసింది నమ్మి మా ఆయన ఇన్సులిన్ మానేశాడు. కాలు తీసేసినా వేసుకోనంటున్నాడు. గుంటమగ్గం ఒంటికాలితో తొక్కుతాడా? చెప్పు, తొక్కుతాడా?" అంటోంది. ఇద్దరు మగవాళ్లు రెక్కలు విరిచి పట్టుకుని ఆమెను బయటికి ఈడ్చారు. నేల మీద నుంచి ఆమె చెప్పులు లేని పాదాలు చూశాను.

కేసు పెడదామని మావాళ్లు పట్టుబట్టారు. వద్దన్నాను. ఎంత పెద్ద మనసు సార్ అన్నారు. పెద్ద మనసూ లేదు, ఏమీ లేదు. స్టేషన్‌లో ఆమె ఆ పోస్టు చదివి వినిపిస్తుందని వణికాను. ఆమె పేరు నాగమణి అని మాత్రం తెలిసింది. ఇంటికొచ్చాక శాలువా మీద మరకేంటని సుగుణ అడిగితే, బొట్టు పెట్టేటప్పుడు కుంకుమ రాలిందని చెప్పాను. బొప్పి జుట్టులో దాగిపోయింది. ఇది పళ్లెం విసరడానికి అయిదు వారాల ముందు సంగతి.

అయిదో రోజు మాట తడబడడం మొదలైతే, సుగుణ నా జేబులోని కాగితం చూసి నన్ను తెనాలి రైలెక్కించింది. వేమూరు దాటాక ఫిట్స్ వచ్చాయి. నాకేమీ గుర్తులేదు. నాలుక కొరుక్కున్నానట, ఎవరో ఇనప తాళాలగుత్తి నా పిడికిట్లో కుక్కారట, ఆపబోయిన సుగుణ దవడ మీద నా మోచెయ్యి బలంగా తగిలిందట. కంటి మీద కుట్లు, కమిలిన దవడ, చీర నిండా నా రక్తం. ఆసుపత్రిలో స్ట్రెచర్ ముందు ఎవరి కోసం తేవాలో వాళ్లకు అర్థం కాలేదట.

"లెఫ్ట్ సబ్‌డ్యూరల్ హెమటోమా. ఎడమ పక్క పుర్రెకీ మెదడుకీ మధ్య రక్తం చేరింది. మెదడు పక్కకు జరిగింది, మిడ్‌లైన్ షిఫ్ట్ ఉంది," అన్నారు సర్జన్. "దెబ్బ తగిలి నెల దాటి ఉంటుంది. రక్తం పలచబడడానికి మాత్ర వాడుతున్నారు కాబట్టి లోపల మెల్లగా ఊరుతూ వచ్చింది. ఎప్పుడు తగిలిందమ్మా?"

సుగుణ, "శాలువా మీద మరకుందండి. కుంకుమన్నారు," అందట.

బర్ హోల్ చేశారు, అంటే పుర్రెకు రంధ్రాలు పెట్టి రక్తం తీసేశారు. మెలకువ వచ్చాక నేను మనిషినే కాను. తలలోంచి పెట్టిన డ్రెయిన్ గొట్టం పీకబోయాను, సిస్టర్ చెయ్యి కొరికాను. గాజుగుడ్డతో రెండు చేతులూ మంచానికి కట్టేశారు. తెల్ల కోటు వేసుకుని ఎవరు వచ్చినా చేతిలో షీల్డు ఉన్నట్టే కనిపించి కేకలు పెట్టేవాణ్ణి. ఆరో రోజు రక్తం మళ్లీ చేరింది. అవే రంధ్రాల్లోంచి మళ్లీ తీశారు.

చేతుల కట్లు విప్పిన రోజు సుగుణకు అంతా చెప్పాను. ఆమె కనుబొమ్మ మీది మచ్చ తడుముకుంటూ వింది. "ఆవిడకి కూడా అబద్ధమే చెప్పారా?" అంది.

ఇప్పుడు ఎనిమిది నెలలైంది. చొక్కా గుండీలు నేనే పెట్టుకుంటున్నాను, కాస్త ఆలస్యమవుతుంది. ఫిట్స్ మాత్ర వేసుకుంటున్నాను. నాగమణిని క్షమించానని రాయను. వాన మొదలయ్యే ముందు ఎడమ చెవి పైన లాగుతుంది, ఆమె మీద కోపం వస్తుంది. వెంటనే ఆ మగ్గం గుర్తొస్తుంది. రెంటిలో ఏదీ పోవడం లేదు.

ఎడమచేత్తో ఒక్కో అక్షరం నొక్కుతూ కొత్త పోస్టు రాశాను. "ఇన్సులిన్ నేను మానలేదు, డాక్టరు ఆపారు" అని పేరు పెట్టి, పాతది పంపిన ప్రతి గ్రూపుకీ పంపాను. మా ఇరవై మందిలో ఒక్కరూ అద్భుతం అనలేదు. ఒకాయన మాత్రం, "పాతది బాగా నడుస్తోంది గదా సార్, ఎందుకు కెలుకుతారు?" అని రాశాడు. పాతది తీసేశాను. కాపీ చేసుకున్నవాళ్ల దగ్గర అది ఇంకా తిరుగుతూనే ఉంది.

కొత్త పోస్టు కింద కామెంటు ఒక్కటే ఉంది. "మా ఆయనకి చదివి వినిపించాను. ఇప్పుడు మళ్లీ ఇన్సులిన్ వేసుకుంటున్నాడు. ఆ రోజే ఈ మాట చెప్పి ఉంటే నేను కొట్టేదాన్ని కాదు. నాగమణి."

చదివేవాళ్లకు చెప్పాల్సింది ఒక్కటే. తలకు దెబ్బ తగిలితే, నెల దాటినా సరే, డాక్టరు అడిగినప్పుడు తగిలిందని చెప్పండి. ఎందుకు తగిలిందో చెప్పడానికి సిగ్గయినా చెప్పండి. మొన్న చెకప్‌లో కొత్త డాక్టరమ్మ, "దెబ్బ ఎలా తగిలిందండీ?" అని అడిగింది. సుగుణ నా వైపు చూసింది.

"ఒకావిడ నన్ను నిజం అడిగిందమ్మా," అన్నాను. "నేను చెప్పలేదు."