లెగు, తిను

పెందుర్తిలో మా పక్కింటి మేరీ భర్త కిందటి నెలలో గుండెపోటుతో చనిపోయాడు. ఆయన సెల్‌ఫోన్‌కి ఆమె ఇంకా రోజూ చార్జింగ్ పెడుతోంది, తను మాత్రం సరిగ్గా తినడం లేదు.

ఈ రోజు మధ్యాహ్నం వాళ్ల చర్చి నుంచి సంతోషమ్మ అనే ముసలావిడ క్యారేజీలో అన్నం, చేపల పులుసు తెచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను. అన్నం కలుపుతూ బైబిల్లోని ఏలీయా కథ చెప్పింది. ఇంక బతకలేను, నా ప్రాణం తీసుకోమని దేవుణ్ణి అడిగి, ఆ ప్రవక్త అడవిలో ఓ చెట్టు కింద పడుకున్నాడట.

"దేవదూత వచ్చి తిట్టనేదమ్మా. ఏడవొద్దని కూడా అననేదు. లెగు, తిను అన్నాడంతే. తిని మళ్లీ పడుకుంటే పడుకోనిచ్చాడు."

"ఆయనకి ఆకలేసిందేటి మామ్మా?" అంది మేరీ.

"అది రాయనేదమ్మా. తిన్నాడని రాసుంది."

మేరీ ఏడుస్తూనే నాలుగు ముద్దలు తింది. కూర్చున్న చాప మీదే నిద్రపోయింది. సంతోషమ్మ విసనకర్రతో విసురుతూ పక్కనే కూర్చుంది.

మాది గుడికెళ్లే కుటుంబం, ఈ కథ నాకు ఇవాళే తెలిసింది. వీధిలో అందరం ఆమెకు ధైర్యం బాగానే చెప్పాం, క్యారేజీ మాత్రం ఎవరికీ తట్టలేదు. మీ కష్టంలో మిమ్మల్ని లేపి అన్నం తినిపించిందెవరు?