తూకం వేసి గాలిపటం

మా అనంతయ్య గాలిపటం అమ్మాలంటే రెండు చూడాలి: శక్తినగర్ కరెంటు ఫ్యాక్టరీ పొగ, కొనేవాళ్ల బరువు.

రాయచూరు బజారులో ఆయన కొట్టుకు ఎదురుగా నాది గిన్నెల దుకాణం. ఇరవై ఏళ్లుగా ఈ తమాషా చూస్తున్నాను. ఎవరైనా పటం అడగ్గానే మేడెక్కి దూరంగా కనిపించే పొగను చూస్తాడు. నిటారుగా లేస్తుంటే పెద్ద పటం, పక్కకు వాలితే చిన్నది. దిగివచ్చి మనిషిని బస్తాల కాటా ఎక్కిస్తాడు.

ఒకసారి బ్యాంకు మేనేజరు జయతీర్థ చిన్న పటం అడిగారు.

"పొగ నిలువుగుంది. మీరేమో తొంభై కిలోలు. ఐదడుగులది గావాలె సార్."

"నాకు కాదయ్యా, మావాడికి!"

"మరి వాణ్ణి తోలియ్యక మీరెందుకు కాటా ఎక్కిన్రు?"

పాపం, మేనేజరు గారు దిగి కొడుకును తేవడానికి వెళ్లారు.

పోయిన ఆషాఢంలో పత్తిమిల్లులో పనిచేసే ఉలిగెమ్మ కూతురు, ఎనిమిదేళ్ల చిట్టి వచ్చింది. ఆదివారం కోట మీద పోటీ. మూడడుగుల పటం ఉంటేనే ఆడనిస్తారు. గెలుస్తానని అప్పటికే బడంతా చెప్పేసింది.

అనంతయ్య పిల్లను కాటా ఎక్కించి, ముల్లు చూసి అదిరిపడ్డాడు. "పద్దెనిమిది కిలోలా! ఈ గాలికి పతంగే నిన్ను ఎగరేస్తది. గద్వాల్ల పోయి దిగుతవ్! ఇరవై గావాలె."

"రెండు కిలోలు ఏడికెల్లి తేవాలె తాతా?" చిట్టి కళ్లలో నీళ్లు.

"గది నా పని." డబ్బాలోంచి పల్లీల ఉండ తీశాడు. "తిను. రేపు మళ్ల రా, తూస్తా."

వారమంతా రోజూ తూకం, రెండు ఉండలు, గ్లాసెడు పాలు. అప్పటికి గానీ నా మట్టిబుర్రకు వెలగలేదు. బొద్దుపిల్లలకు వెంటనే పటం దొరుకుతుంది. ఇన్నేళ్లుగా 'రేపు రా' అనిపించుకున్నవాళ్లంతా బక్కపిల్లలే!

ఆదివారం ముల్లు పందొమ్మిది దగ్గర ఆగింది. చిట్టి ఊపిరి బిగబట్టింది. అనంతయ్య పంచె కొంచెం కదిలింది. ముల్లు ఇరవై ఎక్కింది. చూద్దునుగదా, కాటా అంచు మీద ఆయన బొటనవేలు! నాకు ఆ మనిషి మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది.

చిట్టి పటం పట్టుకుని పరుగెత్తింది. "ఏందయ్యా ఆ వేలు?" అన్నాను.

"సప్పుడు జేయకు," అంటూ కొట్టుకు తాళం వేశాడు. "తక్కువైన కిలో ఎవరు నింపాలె? నేనే గద!"

నేనూ తాళం వేసి వెంటపడ్డాను. కోట మీద గాలి హోరు. చిట్టి నడుముకు తువ్వాలు కట్టి, రెండో కొస చేతికి చుట్టుకుని, బండ మీద చతికిలబడ్డాడు అనంతయ్య. పటం గుంజినప్పుడల్లా ఆయనా జానెడు జరిగేవాడు. సాయంత్రానికి ఆకాశంలో చిట్టి పటమొక్కటే మిగిలింది.

పోటీ పెద్ద అమరేశప్ప మొహం ముడిచాడు. "సేటూ, ఇద్దరు ఆడినట్లాయె గద?"

"నేనేడ ఆడిన అమరేశప్పా?" అన్నాడు అనంతయ్య, పంచె దులుపుకుంటూ. "ఊరికె కూసున్న."