మిరపకాయల త్రాసులో మా పెద్దాడు

మొన్న గుంటూరు ఆసుపత్రిలో నర్సు మా చిన్నకోడలి బిడ్డను తూచి, పుట్టినప్పటికన్నా కాస్త తగ్గింది, ఇది మామూలేనండి అని చెప్పి వెళ్ళిపోతే గదిలో ఎవరూ ఉలిక్కిపడలేదు. నాకు మాత్రం ప్రత్తిపాడులో మా పుట్టింటి వసారా కళ్ళముందుకు వచ్చింది.

ఎనిమిదో తరగతితో నా బడిచదువు ఆగిపోయింది గానీ, ఊరి గ్రంథాలయంలో నేను తెరవని బీరువా లేదని ఇప్పటికీ గొప్పగానే చెప్పుకుంటాను. పెద్దాడు కడుపులో ఉండగా, వ్యవసాయం పుస్తకాల వెనక దుమ్ములో శిశు సంరక్షణ పుస్తకం ఒకటి దొరికితే అట్ట ఊడేదాకా చదివాను. పుట్టిన బిడ్డ మొదటి రోజుల్లో కొంత బరువు తగ్గడం సహజమేననీ, ఆ తగ్గుదల పదోవంతు దాటితే మాత్రం పాలు చాలడం లేదేమోనని వెంటనే డాక్టరుకు చూపించాలనీ అందులో ఉంది.

పెద్దాడు గుంటూరులో మూడు కిలోలతో పుట్టాడు. ఇంటికి రాగానే మా నాయనమ్మ, ఆ రోజుల ఆనవాయితీ ప్రకారం, ముర్రుపాలు పిండించి పారబోయించి, దూదివత్తితో పంచదార నీళ్ళు పట్టించింది. వాడు ఏడుపు మానేసి నిద్రపోతుంటే ఎంత బుద్ధిమంతుడో అని ఇల్లంతా మురిసిపోయింది. నాలుగో నాడు ఉదయం వేసిన గుడ్డ సాయంత్రానికీ తడవకపోవడం చూసి నేను వసారాలోని నాన్న త్రాసు దింపమన్నాను.

"పసిగుడ్డును మిరపకాయల్లా తూస్తావా? దిష్టి కొడుతుందే పిచ్చిదానా!" అంది నాయనమ్మ.

నాన్నది మిరప వ్యాపారం. పచ్చికాయ ఎండి బరువు పోవడాన్ని తరుగు అంటారు. ఆయన రోజూ చూసేది అదే. "తరుగులేని సరుకుంటుందా అమ్మాయ్? అదే సర్దుకుంటుందిలే" అని నవ్వేశారు.

"బిడ్డ తరుగుకు పదోవంతే హద్దని పుస్తకంలో ఉంది. తరుగు హద్దు దాటితే మీరు బస్తా విప్పి చూడరా నాన్నా?" అన్నాను.

ఆ నవ్వు ఆగిపోయింది. ఆయన పళ్ళేలకు అంటిన కారపు దుమ్ము కడిగి, రెండింటిలోనూ ఒకే కొలత చీరముక్కలు పరిచి, వాణ్ణి ఒకదానిలో పడుకోబెట్టి రెండోదానిలో రాళ్ళు వేస్తూ వచ్చారు. రెండున్నర కిలోల దగ్గరే ముల్లు నిలిచిపోయింది. అది పదోవంతు దాటిందని ఆయనకు నేను చెప్పాల్సిన పని లేకపోయింది.

పురిటిస్నానం కాకుండా బాలింత గడప దాటకూడదని నాయనమ్మ వాకిట్లో అడ్డంగా కూర్చుంది. నువ్వు లేచినా లేవకపోయినా నేను దాటుతున్నానన్నాను. "పోండి, నా మాట ఎవడికి కావాలి!" అని తిడుతూనే లేచి, బిడ్డ చెవులు కప్పేలా గుడ్డ చుట్టి నా చేతికిచ్చింది. నాన్న మాట్లాడుకొచ్చిన కారులో గుంటూరు చేరాం. ఒంట్లో నీరు తగ్గిపోయిందనీ, ఇంకొంత ఆలస్యమైతే కష్టమయ్యేదనీ డాక్టరుగారు అన్నారు. అక్కడే ఉంచుకుని, పిండిన పాలు పట్టించి, నిద్ర లేపి మరీ రొమ్ముకు పట్టించడం నాకు నేర్పారు. చివరికి పాలకోసం వాడు గట్టిగా ఏడ్చిన ఆ ఏడుపంత తియ్యని శబ్దం నేను మళ్ళీ వినలేదు.

తిరిగొచ్చాక వాణ్ణి తూచే రోజు వస్తే త్రాసు దగ్గరకు అందరికన్నా ముందు చేరేది నాయనమ్మే. ముల్లు కాస్త కదిలితే చాలు, "మావాడు పెరిగాడే!" అని గోడ మీదుగా పక్కింటివాళ్ళకు కేక వేసేది, వాళ్ళు పని వదిలి వచ్చేవాళ్ళు.

ఇప్పుడు అంకె దానంతటదే వెలుగుతుంది, కోడళ్ళు దాన్ని ఫోనులో దాచుకుంటారు, బిడ్డను తూచడానికి ఎవరితోనూ పోట్లాడనక్కర్లేదు. అంతకన్నా ఏం కావాలి? అయినా ఆ అంకె పెరిగిన రోజున కేక వేయడానికి ఇప్పుడుంటున్న ఇంటి పక్కన గోడైతే ఉంది గాని, గోడవతల నన్నెరిగినవాళ్ళు లేరు.