మస్తానన్న ఇచ్చిన టమాటా విత్తనాలు

ఈ రోజు పొద్దున హిందూపురం మార్కెట్లో, కూరగాయలమ్మే మస్తానన్న నన్ను చూసి పిలిచాడు. పోయినేడాది ఆయన పరిగిలోని తన తోటలో కాసే చిన్న పుల్ల టమాటాల విత్తనాలను మా ల్యాబు కోసం ఇచ్చాడు. తోటలో చెట్లున్నాయన్న ధైర్యంతో, బూడిదలో దాచుకున్నవన్నీ నా చేతిలో పోశాడు.

"ఏమ్మా, వానకి నా తోటంతా కుళ్ళిపోయింది. నీకిచ్చిన ఇత్తనాల్లో నాలుగు తెచ్చియ్యి."

ఏమీ మిగల్లేదన్నాను. మొలకల ఆకులు ముక్కలుగా కోసి, జన్యువుల పని తెలుసుకోవడానికి వాటిలోకి కొత్త జన్యువు ఎక్కించామని, అలా పెరిగిన మొక్కలు ల్యాబు దాటి బయటికి రాకూడదని చెప్పాను.

ఆయన తక్కెడలోకి చూస్తూ అడిగాడు.

"ఒక్క చెట్టన్నా ఊరికే వదిలిపెట్టలేదా తల్లీ?"

నాకు ఆ ఆలోచనే రాలేదు. ప్రతి ముక్కకూ నంబరు వేసి ఫోటో తీసుకున్న నేను, ఒక్క గింజ కూడా కుండీలో వేయలేదు. అయినా మస్తానన్న నేను కొన్న హైబ్రిడ్ టమాటాల మీద ఎప్పటిలాగే రెండు కొసరు వేశాడు.

పరిగి, రొళ్ల, మడకశిర వైపు ఎవరి పెరట్లోనైనా ఆ చిన్న పుల్ల టమాటా ఉంటే చెప్పండి. ఒక్క పండు చాలు. ఈసారి ల్యాబుకు తీసుకుపోను.