పడుగు ముందు ఆగిన సర్కారు గడ్డి

మొన్న నీలం నగర్ మలుపులో ఎండుగడ్డి లారీ ఒకటి ఆగి, ఊరంతా వినేట్టు హారన్ కొట్టింది. ముందున్న రిక్షా తప్పుకునేలోపే డ్రైవరుకు ముక్కు మీదికి కోపం వచ్చేసింది. మా ఇంటి కిటికీ దగ్గర కూర్చున్న నాకు ఆ గడ్డి వాసన తగలగానే మా అత్తమ్మ గుర్తొచ్చింది. కాపురానికి వచ్చిన కొత్తలో, ఈ మరాఠీ ఊళ్లోనే మా తెలుగు సాలెవాళ్లుండే భవాని పేట్‌లో ఒక పొద్దుట ఆమెను చూసిన తీరు గుర్తొచ్చింది.

అప్పటికింకా తెల్లవాళ్ల రాజ్యమే. మగ్గానికి ఎక్కించబోయే నిలువు పోగుల పడుగును తెల్లవారగానే గల్లీ పొడవునా సాగదీసి, జొన్నగంజి పట్టించి, కుంచెలతో దువ్వేవాళ్లం. అది ఆరేదాకా పెళ్లివారైనా పక్క సందు వెతుక్కోవాల్సిందే. పరిచిన పడుగును దాటడం మా వాళ్లలో లేదు. తడి మీద ఎత్తితే పోగులన్నీ అతుక్కుపోయి ఎందుకూ పనికిరావు. ఆ రోజు పరిచింది మా ఇంటి పడుగు. ఆ నెల మా తిండి దాని మీదే.

సరిగ్గా అప్పుడే గడ్డిబండ్లు వచ్చాయి. ఒకదాని వెనక ఒకటి, మా ఇళ్ల కప్పులను రాసుకుంటూ, అంత ఎత్తున! పశువుల మీద పరిశోధన చేసే సర్కారు ఫారం కోసం కొన్న గడ్డట, రైలుకు అందించాలట. ఏ గడ్డి మేపితే ఆవు ఎన్ని పాలిస్తుందో తూచి మరీ చూస్తారని మా ఆయన చెప్తే ముక్కున వేలేసుకున్నాను. మా ఊళ్లో ఆవు ఏం తిన్నదో ఆవుకే తెలియాలి. దాని మేత కోసం ఇంత తాపత్రయపడే సర్కారు ఉంటుందని నాకేం తెలుసు? ఆ బంగారు రంగూ, ఆ ఎండ వాసనా చూస్తూ కొత్త కోడలినన్న సంగతి మరిచి నోరు తెరుచుకుని నిలబడిపోయాను.

బండ్లు వెనక్కి తిరిగేంత చోటు లేదు. ఇంతలో ముందు బండి ఎడ్లకు గంజి వాసన తగిలింది. బండివాడు పగ్గాలు ఎంత లాగినా ఆగక, మెడలు సాచి నేరుగా పడుగు మీదికే నడిచాయి. మగవాళ్లంతా అరుస్తున్నారు. మా అత్తమ్మ అరవలేదు. కుంచె పక్కన పెట్టి, ఎడ్లను దాటి బండి దగ్గరికి పోయి, సర్కారు గడ్డి మోపు ఒకటి లాగి, కట్టు తెంపి వాటి మూతుల ముందు పరిచేసింది. ఎడ్లు ఆగి మేతలో పడ్డాయి.

“ఓ అమ్మా, అది తూకమేసిన సర్కారు గడ్డి! నా నౌకరీ పోతది!” అని బండివాడు నెత్తి కొట్టుకున్నాడు.

వెనక బండి దిగి, ఆ గడ్డి కొన్న తెల్ల సాహెబు బూట్లు టకటకలాడించుకుంటూ వచ్చాడు.

“గంజి ఆరాలె సాహెబ్. ఆరెదాంక పడుగు కదలది, నేను కదల. జేల్ల ఏస్తవా, ఆరినంక ఎయ్యి,” అంది అత్తమ్మ.

మా ఆయన ఆ మాటను సాహెబుకు కాస్తో కూస్తో వచ్చిన మరాఠీలో చెప్పాడు, జైలు సంగతి మింగేసి.

సాహెబు పడుగును చూశాడు, ఆబగా మేస్తున్న ఎడ్లను చూశాడు. పశువులకు ఈ గడ్డి నచ్చుతుందో లేదో తేల్చడానికే ఇంత తతంగమనీ, అదేదో ఇక్కడే తేలిపోయిందనీ పకపకా నవ్వి, బండ్లు విప్పమన్నాడు. మా అరుగు మీద కూర్చుని చాయ్ తాగాడు. రైలు కూత వినబడింది, దూరమైపోయింది కూడా. ఆయన లేవలేదు. అత్తమ్మ అటు చూడనైనా చూడకుండా పడుగు దువ్వుతూనే ఉంది.

కాలం ఎవరి కోసమూ ఆగదంటారు. ఒక పొద్దుట మా అత్తమ్మ పడుగు ఆరేదాకా అదీ ఆగింది; నేను చూశాను.