పాలకీడు దాకా ఇద్దరం, మిర్యాలగూడకు ఐదుగురం

నా మనవరాలు సృజన ఆరోగ్య ఆర్థికవేత్త. నెలలు నిండకముందే పుట్టే పిల్లలు పేద ఇళ్లలోనే ఎందుకు ఎక్కువో తేల్చే పనిలో ఉంది. ఊళ్లలో కోడళ్లను ప్రశ్నలడగబోతే వాళ్ల అత్తలు గుమ్మంలోనే అడ్డం పడుతున్నారట. తెల్లజుట్టు మనిషి వెంట ఉంటే కుర్చీ వేస్తారని నన్ను లాక్కుపోయింది. నా చదువు ఎవరికీ అక్కరలేదు, జుట్టు పనికొచ్చింది. అయినా ఇంత హుషారు ఈమధ్య ఎరగను.

సూర్యాపేటలో ఏడింటి బస్సెక్కితే కోదాడకు గంట పైన పట్టింది. ఆధార్ చూపితే ఆడవాళ్లకు టికెట్ డబ్బులుండవు. కోదాడలో ఇడ్లీ తిని, ఇంకో బస్సులో హుజూర్‌నగర్ చేరాం. అక్కడ సైదులు ఆటోకి రోజంతటికీ పదిహేను వందలన్నాడు, పన్నెండు వందలకు దించాను.

"పెద్దమ్మా, నువ్వు టీచరువా?" అన్నాడు.

"ఎందుకట్ల అడిగినవ్?"

"బేరం జేస్తలేవు, తిడుతున్నవ్."

పాలకీడు దగ్గర గొర్రెల మంద ఉన్న ఇంట్లో లింగమ్మ, ఆమె కోడలు అనిత దొరికారు. అనిత నాట్ల నుంచి అప్పుడే వచ్చింది, కాళ్ల బురద ఆరలేదు. ఆరో నెల. మొదటి పాప నెలలు నిండకుండా పుట్టి, చాలా రోజులు దవాఖానలో గాజు పెట్టెలో ఉండి బతికింది. సృజన ఆదాయం, తిండి, దవాఖాన దూరం అన్నీ అడిగింది. నేను ఒక్కటే అడిగాను.

"మొదటిసారి తల్లిగారింటికి ఎప్పుడు పోయినవ్ బిడ్డా?"

"పోనేలే అమ్మా. ఏడో నెల దాటినంక పంపుదమనుకున్నరు. అంతల్నే నొప్పులొచ్చినయ్."

"మరి ఈసారి?"

"రెండో కాన్పుకు ఎవరు పంపుతరు?"

సృజన పెన్ను ఆగిపోయింది. "అమ్మమ్మా! వీళ్లకు పుట్టిల్లే ప్రసూతి సెలవు. మొదటిసారి ఆలస్యంగా ఇస్తారు, రెండోసారి అసలే ఇవ్వరు. నేను డబ్బు గురించే అడుగుతున్నా, విశ్రాంతి గురించి అడగనే లేదు!" ఆనందంతో నా చెయ్యి నలిపేసింది.

పరిశోధకులు ఇళ్ల సంగతుల్లో తలదూర్చకూడదట. నేను పరిశోధకురాలిని కాను కదా.

"లింగమ్మా, ఇప్పుడే పంపరాదా?"

"మొదటి కాన్పు తల్లిగారిది, రెండోది మా జిమ్మ, మేమే జెయ్యాలెనమ్మా. పంపితే కూడు పెట్టలేక పంపిన్రంటరు."

"గాజు పెట్టె బయట నువ్వు కూసున్నప్పుడు ఆ అనేటోళ్లు వచ్చిన్రా?"

లింగమ్మ పాపను దగ్గరికి లాక్కుంది. "ఎవ్వరు రాలే. గాడ నేనొక్కదాన్నే," అంది. మళ్లీ, "నాట్లు ఎవరేస్తరు?"

"నీ కొడుకున్నడు గద."

"వానికి నడుం నొప్పి."

"కడుపు మొయ్యకుండనే వచ్చిందా?"

అనిత కొంగు నోట్లో కుక్కుకుంది. లింగమ్మ నవ్వాపుకోలేక లేచి, కోడలి బట్టలు సంచిలో సర్దింది. "ఆటో ఎక్కు బిడ్డా. నేను గూడ వస్త. నేనే పంపిన్నని మీ అమ్మతోని చెప్పాలె."

పాపను ఒళ్లో పెట్టుకొని మిర్యాలగూడలో అనిత పుట్టింటికి చేరేసరికి సాయంత్రమైంది. సైదులు ఆటోను ఒక్క గుంత మీదుగా కూడా పోనీయలేదు. వేళకాని వేళ కూతుర్ని చూసి అనిత తల్లి గుండెలు పట్టుకుంది.

"ఏమైంది బిడ్డా?"

"ఏం కాలే అమ్మా. ఏం కాకముందే వచ్చిన."

రేపటికి ప్రశ్నలన్నీ తిరగరాయాలని సృజన బస్టాండు దాకా ఎగురుతూనే నడిచింది. ఒక్క కోడలు పుట్టింటికి చేరితే అసమానత తీరిపోదని నాకూ తెలుసు. ఆ రాత్రి అనిత ఎవరో వండింది కూర్చుని తిన్నది, అదీ తెలుసు. మీరూ ఇలా ఊళ్లు తిరగాలనుకుంటే హుజూర్‌నగర్‌లోనే రోజంతటికీ ఆటో మాట్లాడుకోండి. వెనక సీటు మాత్రం సామానుతో నింపకండి.